గోడ దాటిన కరెంటు

గురువారం పొద్దున పది గంటల ఐదు నిమిషాలు. చనిపోయిన ఇంజనీరు ఇంటి గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు.

"గంట టైమిస్తున్నాను. అంతకన్నా ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వను."

"ఒకప్పుడు నువ్వు నన్ను గంట అడిగితే మూడు రోజులు ఇచ్చాను," అన్నాడు ప్రైవేటు డిటెక్టివ్.

"అందుకే నేనిక్కడున్నాను, నువ్వక్కడున్నావు."

ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ని ఎరిగినవాళ్ళంతా చాటుగా చాదస్తం అంటారు. చెప్పిందే మళ్ళీ చెప్పించడం, కొలిచిందే మళ్ళీ కొలవడం అతని అలవాటు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు రానురాను తగ్గిపోయారు. ఇంట్లో ఫోను మోగితే భార్య కూడా "ఏమండీ చాదస్తం గారూ, మీకే" అంటుంది.

చాదస్తమూ ఇన్‌స్పెక్టరూ పోలీసు ఉద్యోగంలో ఒకే రోజు చేరారు. తర్వాత ఒక కేసులో చాదస్తం పదకొండు రోజులు తిండీ నిద్రా మాని దొంగని పట్టుకుంటే, పేపర్లో ఫోటో మాత్రం ఇన్‌స్పెక్టర్‌ది పడింది. ప్రమోషన్ కూడా ఆ ఫోటో వెనకాలే వెళ్ళిపోయింది. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా, పొద్దున్నే పేపరు తెరవగానే చాదస్తం కళ్ళు ముందు ఆ మొహాన్నే వెతుకుతాయి. కనబడని రోజు హాయిగా గడుస్తుంది. కనబడిన రోజు భార్య వెనకనుంచి తొంగిచూసి, "మీ ఫ్రెండుకి ఈ వయసులో కూడా పొట్ట రాలేదు చూడండి," అంటుంది. ఇక ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు.

ఇప్పుడు ఆ పొట్ట రాని మనిషే, "సాయంత్రం నాలుగింటికి నీ క్లయింటుని అరెస్టు చేస్తున్నాను. ప్రెస్సుకి కూడా చెప్పేశాను," అంటూ గేటు తీశాడు.

క్లయింటు వాళ్ళ వెనకే ఉంది. పాతికేళ్ళ అమ్మాయి. పైపుల ఫిట్టరు. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి గానీ, చేతిలో పనిముట్ల సంచి మాత్రం వదల్లేదు.

కేసు చూడ్డానికి చాలా చిన్నది. ఇంజనీరు పవర్‌హౌస్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడే తన ఇంటికొచ్చే కరెంటు తీగని కోయించేశాడు. ఇంటి కప్పంతా సోలార్ పలకలు పరిచాడు. పగలు వాడుకోగా మిగిలిన కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీసి, పెరట్లో గది కట్టి, దాన్ని ఉక్కు ట్యాంకుల్లో దాచాడు. ఎండ లేనప్పుడు ఆ హైడ్రోజన్ ఇంకో యంత్రంలోకి వెళ్ళి మళ్ళీ కరెంటవుతుంది. పైపుల పనంతా ఈ అమ్మాయిది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో దీపం ఆరలేదు. మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి మాత్రం ఆ ట్యాంకుల గదిలో ఇంజనీరు శవమై కనబడ్డాడు. ఒంటిమీద చిన్న దెబ్బ లేదు, కాలిన మచ్చ లేదు. గుండెలో లోపం లేదనీ, ఊపిరాడక పోయాడనీ డాక్టరు రాశాడు.

"హైడ్రోజన్ లీకైంది. గది నిండింది. ఊపిరాడలేదు. సోమవారం పైపులు బిగించింది ఈ పిల్ల. అంతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అంతేనా?"

"ఇంకేం కావాలి నీకు?"

"ముందు ఇంజనీరు భార్యతో మాట్లాడాలి."

ఇంజనీరు భార్య హాల్లో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఫిట్టరమ్మాయిని చూడగానే మొహం తిప్పేసుకుంది.

"దాన్ని నా ఇంట్లోకి ఎందుకు రానిచ్చారు?"

"నాకు ఈ యంత్రాల సంగతి తెలియదమ్మా, చెప్పడానికి ఒకళ్ళు కావాలి," అన్నాడు చాదస్తం. "మీకు తెలిస్తే ఆ అమ్మాయిని బయటికి పంపేస్తాను."

ఆ మాట ఆవిడకి గట్టిగానే తగిలింది. "నాకెవరు చెప్పారు బాబూ? నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. అందులో నాలుగు 'ఫ్యాను ఆపావా' అనే. ఆ పిల్ల గేటు తీసిందంటే చాలు, మనిషి లేచి కూర్చునేవాడు. ప్రెషరు ఇంతట, వాల్వు అంతట... గంటలు గంటలు. ఒకరోజు నేనూ ఓ డౌటు అడిగాను. 'నీకెందుకే ఇవన్నీ' అన్నారు."

"అమ్మా, నేను మీ కూతురిలాంటి..." అని ఫిట్టరమ్మాయి ఏదో అనబోయింది.

"కూతురైతే నాతోనూ మాట్లాడేదానివి."

ఆ అమ్మాయి తల దించుకుంది. చాదస్తం తన చిన్న నోటుబుక్కు తీశాడు.

"మంగళవారం మీరు ఎన్నింటికి బయటికెళ్ళారు?"

"పదకొండింటికి. మా అక్కకి ఒంట్లో బాలేదంటే వెళ్ళాను. నాలుగున్నరకి వచ్చాను."

"వచ్చాక ఏం చేశారు? వరసగా చెప్పండి. చిన్న విషయమైనా వదలొద్దు."

"పిలిచాను. పలకలేదు. పలకరని తెలుసు, ఆ గదిలోకి వెళ్తే చెవి మెషిన్ తీసేస్తారుగా. పెరట్లోకి వెళ్ళి తలుపు తోశాను. కింద పడి ఉన్నారు. చేతిలో స్పానరు. వెంటనే ఫ్యాను వేశాను. ఆ గదిలో ఏదైనా తేడా వస్తే ముందు ఫ్యాను వెయ్యాలని వందసార్లు చెప్పారు. తర్వాత అరిచాను."

"ఫ్యాను వేశారా? అంటే అప్పటిదాకా ఆగి ఉందా?"

"ఆగే ఉంది."

కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్న ఇన్‌స్పెక్టర్ గిరుక్కున తిరిగాడు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు బాబూ. మీరు ఎంతసేపూ ఫోటోలే తీయించారు."

చాదస్తానికి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది. నోటుబుక్కులో ఒక్కటే మాట రాసుకున్నాడు: ఫ్యాను.

"ఆ ఫ్యాను ఎప్పుడైనా ఆపుతారా?" అని ఫిట్టరమ్మాయిని అడిగాడు.

"ఎప్పుడూ ఆపం సార్. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. స్విచ్చు కూడా గది బయటే ఉంటుంది. లోపల నిప్పురవ్వ పుట్టే వస్తువేదీ పెట్టకూడదు. అందుకే లోపలికి వెళ్ళేముందు సార్ ఫోనూ, వాచీ, చెవి మెషినూ బయట డబ్బాలో పెట్టేసేవారు."

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు.

ట్యాంకుల గది స్నానాలగది కన్నా కాస్త పెద్దది, అంతే. తలుపులో అరచేయంత అద్దం. పైన గాలి పోయే సందు, దాని పక్కన ఫ్యాను. లోపల గోడవారగా మూడు ఎర్ర ట్యాంకులు. వాటి నుంచి వచ్చే పైపులో మోకాలి ఎత్తున ఒక జాయింటు విప్పి ఉంది. చాదస్తం మోకాళ్ళ మీద కూర్చుని టేపు తీశాడు. గది పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, విప్పిన జాయింటుకీ శవం తల ఉన్నచోటికీ మధ్య దూరం కొలిచాడు. మూరెడు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ మూరెడే.

"చూశావుగా, పైపు విప్పి ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అందులోంచే హైడ్రోజన్ వచ్చింది."

"అలా రాదు సార్," అంది ఫిట్టరమ్మాయి. "ట్యాంకు వాల్వు మూసేశాకే జాయింటు విప్పుతాం. అదిగో, మూసే ఉంది. పాత జాయింటు మారుద్దామని సార్ మంగళవారం పని పెట్టుకున్నారు. నేను బుధవారం వస్తానన్నాను. ఆగలేకపోయారు. విప్పేముందు పైపులో మిగిలిన హైడ్రోజన్‌ని తోసెయ్యడానికి నైట్రోజన్ పంపిస్తాం. ఆ సిలిండరు బయటుంటుంది."

బయట గోడ పక్కన చూరు కింద నల్లని సిలిండరు నిలబెట్టి ఉంది. దాని నుంచి గొట్టం గోడలోంచి లోపలి పైపుకి వెళ్తోంది. చాదస్తం గేజీ మీది దుమ్ము వేలితో తుడిచాడు. ముల్లు సున్నా దగ్గరుంది. వాల్వు పూర్తిగా తిప్పి ఉంది.

"ఇది ఖాళీ సిలిండరేనా?"

ఫిట్టరమ్మాయి వంగి చూసింది. మొహంలో రంగు మారింది. "కాదు సార్. సోమవారం సాయంత్రం నిండుది నేనే తెచ్చి బిగించాను. పైపు శుభ్రం చెయ్యడానికి ఇందులో పదోవంతు కూడా పట్టదు. తర్వాత వాల్వు మూసేసే జాయింటు విప్పుతాం. సార్ మర్చిపోయే మనిషి కాదు."

"ఇదంతా ఈ చిన్న గదిలోకి ఒకేసారి వదిలితే?"

"గాలిని బయటికి తోసేస్తుంది సార్. వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. నాలుగు ఊపిర్లు పీల్చేసరికి మనిషి పడిపోతాడు. ఫ్యాను తిరుగుతుంటే బతికే అవకాశం ఉండేది." ఆ అమ్మాయి చేయి గోడకి ఆనించుకుంది. "బుస్సుమని చప్పుడు మాత్రం వస్తుంది. కానీ సార్‌కి వినపడదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "తప్పు తన మీదికి రాకుండా భలే కథ అల్లింది. హైడ్రోజన్ లీక్ కాలేదనడానికి రుజువేంటి?"

"ఇంట్లో ఉంది," అంది ఆ అమ్మాయి.

హాలు గోడకి ఒక చిన్న టాబ్ బిగించి ఉంది. ఇంట్లో పుట్టిన కరెంటు, ఖర్చయిన కరెంటు, ట్యాంకుల్లో ప్రెషరు, ప్రతి నిమిషానికీ ఒక లెక్క అందులో ఉంటుంది. ఫిట్టరమ్మాయి మంగళవారం తీసింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా, అంటే ఇంజనీరు వాల్వు మూసేదాకా, ట్యాంకుల ప్రెషరు పెరుగుతూనే ఉంది. తర్వాత ఒకే గీత. ఒక్క చుక్క తగ్గలేదు. హైడ్రోజన్ అలారం ఒక్కసారీ మోగలేదు.

"ట్యాంకులోంచి ఏమీ పోకపోతే గదిలోకి ఏమొచ్చినట్టు?" అన్నాడు చాదస్తం.

ఇన్‌స్పెక్టర్ టాబ్ దగ్గరికొచ్చి ఆ గీతని తనే మళ్ళీ చూశాడు.

"ఇప్పుడు ట్యాంకుల గది ఫ్యాను చూపించమ్మా," అన్నాడు చాదస్తం.

ఆ వరస తీసింది. నలభై వాట్లు, నలభై వాట్లు, నలభై వాట్లు. రెండు గంటల ఆరు నిమిషాలకి సున్నా. నాలుగు ముప్పై రెండుకి మళ్ళీ నలభై.

"రెండూ ఆరుకి ఎవరో బయట నిలబడి ఫ్యాను ఆపారు," అన్నాడు చాదస్తం. "లోపలున్న మనిషి చెయ్యలేడు."

టాబ్‌లో వరసలన్నిటికీ ఇంజనీరు పేర్లు పెట్టుకున్నాడు. హాలు, వంటిల్లు, పడగ్గది, పంపు, ట్యాంకుల గది, వీధి లైటు. అన్నిటికన్నా కింద ఇంకొకటి: చిన్నోడు.

"ఇదేం మిషను?" అని అడిగాడు చాదస్తం.

ఫిట్టరమ్మాయి టాబ్ మీంచి చూపు తిప్పేసుకుంది. కుర్చీలోంచి ఇంజనీరు భార్యే మెల్లిగా అంది. "చిన్నోడంటే మా మరిది. పక్కిల్లు వాళ్ళదే. ఆయన తమ్ముణ్ణి అలాగే పిలిచేవారు. ఆ పేరు ఇందులో ఎందుకుంది?"

"చెప్పు," అన్నాడు చాదస్తం ఆ అమ్మాయితో. "నాలుగింటికి చెప్పే కన్నా ఇప్పుడు చెప్పడం మేలు."

"ఎవరికీ చెప్పనని సార్‌కి మాటిచ్చాను." పనిముట్ల సంచి కింద పెట్టింది. "గోడ కింద పైపులోంచి వాళ్ళింటికి ఒక తీగ లాగాం సార్. ఎనిమిది నెలలైంది. అక్కడ సార్ మరదలు మిషను మీద బట్టలు కుడుతుంది. కరెంటు పోతే పని ఆగిపోతోందని. ఆవిడ భర్తకి తెలియదు."

ఇంజనీరు భార్య లేచి నిలబడింది. "నీకు చెప్పారు. నాకు చెప్పలేదు."

"మీరూ ఆవిడా రోజూ గోడ దగ్గర మాట్లాడుకుంటారు కదమ్మా. ఎప్పుడైనా నోరు జారితే ఆయన తమ్ముడికి తెలిసిపోతుందని భయపడ్డారు. అంతే."

"నాకు చెప్పలేదు," అని ఆవిడ మళ్ళీ అంది. ఈసారి కోపంగా కాదు.

చాదస్తం టాబ్ మీదికి వంగాడు. మంగళవారం లైను రిపేరని ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా వీధంతా కరెంటు తీసేశారు. ఒంటిగంట దాకా 'చిన్నోడు' సున్నా. ఒంటిగంటా రెండు నిమిషాలకి మొదలై, ఒంటిగంటా ముప్పై ఎనిమిది దాకా ఎగుడుదిగుడుగా ఉంది. ఆవిడ మిషను తొక్కుతూ ఆపుతూ ఉన్నట్టు. తర్వాత కదలకుండా డెబ్బై వాట్లు. అది సీలింగు ఫ్యాను. రెండు గంటల రెండు నిమిషాలకి ఒక్కసారిగా సున్నా. మళ్ళీ లేవలేదు.

"రెండూ రెండుకి ఆ తీగ పీకారు. రెండూ ఆరుకి ఈ ఫ్యాను ఆపారు," అన్నాడు. "మధ్యలో నాలుగు నిమిషాలు. గోడ దూకి రావడానికి అవి చాలు."

"తమ్ముడే చంపాడంటావు!" ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. "ఆ తమ్ముడి సంగతి నేను ఎప్పుడో చూశాను. జనరేటర్లు అద్దెకిచ్చే షాపు. అన్న ఇల్లు చూడ్డానికి జనం వచ్చి పోతుంటే వీడికి గిరాకీ పడిపోయింది. అన్నదమ్ములకి పడదు, నిజమే. కానీ షాపు కెమెరా నా దగ్గరుంది. ఒంటిగంటా నలభైకి భోజనానికి వెళ్ళాడు, రెండుంపావుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. హోటల్లో తిన్నానని రాసిచ్చాడు."

"హోటల్లో అడిగావా?"

"అవసరం రాలేదు."

"షాపు ఇక్కడికి ఎంత దూరం?"

"మోపెడ్ మీద ఐదు నిమిషాలు."

"అయితే ఆరుకి ఐదు కలిపితే పదకొండు. పదిహేనుకి వచ్చాడు. నాలుగు నిమిషాలు మిగిలాయి. అవి ఏమయ్యాయో అడుగుదాం పద."

"అడిగేది నేను. నువ్వు కాదు." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "చూడు, ఎందుకింత ఆరాటపడుతున్నావో నాకు తెలుసు. నా ఫోటో పక్కన నీ ఫోటో కూడా పడాలి. అంతేగా?"

చాదస్తం చెవులు వేడెక్కాయి. కాదని అనబోయాడు.

"పడాలి," అన్నాడు చివరికి. "పదిహేనేళ్ళుగా పడాలనే ఉంది. అయినా గేజీ సున్నా దగ్గరే ఉంది కదా. అది నా ఏడుపు కాదుగా."

"ఆయన్ని అడగనివ్వండి," అంది ఇంజనీరు భార్య. ఆవిడ వచ్చి ఫిట్టరమ్మాయి పక్కన నిలబడింది. "నేను ఈ పిల్లని అన్న మాటలు మీరు కాగితం మీద రాసుకున్నారు. అవి కొట్టెయ్యండి. కళ్ళతో చూసి చెప్పినవి కావు అవి."

పక్కింట్లో తలుపు తీసే ఉంది. అన్న పోయాడని తమ్ముడు షాపు మూసుకుని ఇంట్లోనే ఉన్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి. గడ్డం పెరిగింది. పక్కనే కుట్టు మిషను దగ్గర అతని భార్య కత్తెర పట్టుకుని ఉంది గానీ గుడ్డ కత్తిరించడం లేదు.

"మంగళవారం మధ్యాహ్నం ఇంటికొచ్చారా?" అని అడిగాడు చాదస్తం.

"రాలేదు. హోటల్లో తిన్నాను. ఇన్‌స్పెక్టర్ గారికి రాసిచ్చాను కూడా."

"సరే." చాదస్తం ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, మీరు మిషను ఎన్నింటికి ఆపారు?"

ఆమె ఉలిక్కిపడింది. "ఒంటిగంటన్నర దాటాక. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళాను. నాలుగు ఇళ్ళు తిరిగి వచ్చేసరికి మూడు దాటింది."

"ఫ్యాను ఆపకుండా వెళ్ళారు."

"హడావుడిలో..." అని, భర్త వైపు చూసి నాలుక కరుచుకుంది.

"కరెంటు లేనప్పుడు ఫ్యానేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఇక తనే అడుగుతున్నట్టు.

చాదస్తం మిషను వెనక్కి వెళ్ళి వంగాడు. గోడలోంచి వచ్చిన నల్ల తీగ, మిషనుకీ ఫ్యానుకీ కలిపిన ప్లగ్గు దగ్గర తెగి ఉంది. ఎలక కొరికినట్టు కాదు, కటింగ్ ప్లయరుతో ఒక్క నొక్కు నొక్కినట్టు నున్నగా ఉంది.

"మూడింటికి వచ్చేసరికి ఇది ఇలాగే ఉందా?"

ఆమె తలూపింది.

"వెళ్ళేటప్పుడు ఇంటికి తాళం వేశారా?"

"వేశాను."

"వచ్చేసరికి తాళం పగిలి ఉందా?"

"లేదు. వేసే ఉంది."

"తాళం చెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గరుంది. ఇంకోటి..."

ఆమె మాట అక్కడితో ఆగిపోయింది. మంగళవారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ తెగిన తీగని చూస్తూ, దాన్ని గురించి ఒక్క మాటైనా అనుకోకుండా తిరుగుతున్నారని చాదస్తానికి అర్థమైంది.

"అవును, కోశాను!" అన్నాడు తమ్ముడు. కుర్చీ వెనక్కి పడింది. "నా ఇల్లు. నా ఇష్టం. తలనొప్పిగా ఉంటే కాసేపు పడుకుందామని వచ్చాను. వీధంతా కరెంటు లేదు. నా జనరేటర్లు నాలుగూ అద్దెకి పోయాయి. నా ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది! హాయిగా, చల్లగా తిరుగుతోంది. ఎక్కడిదిరా ఈ గాలి అనుకున్నాను. తీగ పట్టుకుని చూసుకుంటూ పోతే గోడ. గోడ అవతల వాడు."

"ఏమండీ..."

"నువ్వు మాట్లాడకు. చిన్నప్పటి నుంచీ ఇంతే. వాడికి ఫస్టు, నాకు పాసు. వాడికి ఉద్యోగం, నాకు షాపు. ఆ షాపు కూడా వాడి కళ్ళకి ఎక్కువైంది. 'జనరేటరు ఎందుకండీ, ఆ ఇంజనీరు గారిలా పెట్టుకుంటాం' అని నా మొహం మీదే అంటారు. వాడి కరెంటు చుక్క కూడా నా గడప తొక్కకూడదని అనుకున్నాను. ఎన్నాళ్ళుగా నా ఇంట్లో తిరుగుతోందో వాడి గాలి! నా పెళ్ళాం వెళ్ళి అడుక్కుంది!"

"నేను అడగలేదు," అంది ఆమె. కత్తెర కింద పెట్టింది. "బావగారే గోడ దగ్గరికి వచ్చారు. 'నీ పని ఆగిపోతోందమ్మా, తీగ ఇస్తాను. వాడికి మాత్రం చెప్పకు, మొండివాడు, పీకి పారేస్తాడు. మా ఇద్దరిలో ఎవరం మెట్టు దిగినా ఒకటే, నేను పెద్దవాణ్ణి, నేనే దిగుతాను' అన్నారు."

తమ్ముడు ఆ తెగిన తీగ వైపు చూశాడు.

"తీగ కోశాక?" అని అడిగాడు చాదస్తం.

"గోడ దూకాను. వాడి గుమ్మంలో నిలబడి నాలుగు తిట్టి రావాలని. ఎవరూ కనబడలేదు. బయట బోర్డు మీద స్విచ్చులన్నీ ఆపేశాను. పక్కనే సిలిండరు కనబడింది. వాడు దాచుకున్న కరెంటంతా అందులోనే ఉంటుందనుకున్నాను. మొత్తం గాల్లో కలిసిపోవాలని తిప్పేశాను. అంతే. వాడు లోపల ఉన్నాడని నాకు తెలియదు. ఒట్టు."

ఇన్‌స్పెక్టర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "తెలియక చేసిన పని. కడుపుమంటతో చేసిన పిచ్చిపని. చంపాలని కాదు." అప్పుడే ఫోను తీశాడు. "ఆ... నాలుగింటికి కాదు, ఇప్పుడే రండి. కేసు తేలిపోయింది. అవును, నేనే తేల్చాను."

ఆ మాట విన్నా చాదస్తం తల తిప్పలేదు. నోటుబుక్కులో నాలుగు నిమిషాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అడగడానికి నోరు తెరిచేలోపే తమ్ముడి భార్య లేచి భర్త ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"లోపల బావగారు ఉన్నారని మీకు తెలుసా, తెలియదా?"

"తెలియదని చెప్పాను కదా."

"వాళ్ళకి చెప్పారు. నాకు చెప్పండి."

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. అటునుంచి ఎవరో హలో హలో అంటున్నారు.

"పాడుతున్నాడు," అన్నాడు తమ్ముడు.

"ఎవరు?"

"అన్నయ్య. లోపల. చెవి మెషిన్ తీసేస్తే తన గొంతు తనకి వినబడదు కదా, అందుకని అరిచినట్టే పాడతాడు. ఒక్క ముక్క శ్రుతిలో ఉండదు. అద్దంలోంచి చూశాను. నా వైపు వీపు పెట్టి కూర్చుని, ఆ బోల్టు తిప్పుకుంటూ, తలూపుకుంటూ... అంత సంతోషంగా ఉన్నాడు. ఏముందని అంత సంతోషం? ఇంటి వెనక ఇరుకు గదిలో ఒక్కడే కూర్చుని... నాకెప్పుడైనా అలా ఉందా? ఒక్కరోజైనా?"

ఆమె చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పిల్ల సోమవారం సిలిండరు దింపుతుంటే వాడే అన్నాడు, గోడ మీంచి విన్నాను. ఇది ఈ గదిలోకి వదిలితే మనిషి మిగలడు, జాగ్రత్త అని." తమ్ముడు కింద పడ్డ కుర్చీని లేపి, దానిలో కూర్చోకుండా పట్టుకుని నిలబడ్డాడు. "వాల్వు తిప్పాను. ఇంకా పాడుతూనే ఉన్నాడు. పల్లవి దగ్గర మాటలు మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పటికైనా మూసెయ్యొచ్చు. నా చెయ్యి వాల్వు మీదే ఉంది."

"మూసెయ్యలేదా?"

"లేదు," అన్నాడు. "పాట ఆగేదాకా నిలబడ్డాను."